సొంత కంప్యూటర్ కూర్చుకోవడం: విడిభాగాల ఎంపిక

దుకాణంలో తయారుగా ఉన్న కంప్యూటర్ కొనడానికీ, భాగాలు తెచ్చి ఇంట్లో కూర్చుకోవడానికీ మధ్య తేడా రెడీమేడ్ చొక్కాకీ, కుట్టించుకున్న చొక్కాకీ ఉన్న తేడా వంటిదని చాలామంది అంటూ ఉంటారు. అది సగమే నిజం. చొక్కా విషయంలో కొలతలు తీసుకోవడానికి దర్జీ ఉన్నాడు. ఇక్కడ కొలతలు తీసేదీ మనమే, గుడ్డ ఏరేదీ మనమే, తప్పు కత్తిరిస్తే నష్టపోయేదీ మనమే. అందుచేత ఈ వ్యాసంలో కత్తెర పట్టుకోబోయే ముందు ఆలోచించవలసిన విషయాల గురించే ఎక్కువగా చెబుతాను. మరలు బిగించే పని ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు.

అసలు వేరువేరు కంపెనీల భాగాలు తెచ్చి ఒకే పెట్టెలో బిగిస్తే పని చేయడమన్నది మొదటినుంచీ ఉన్న సౌకర్యం కాదు. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే కిట్టు వచ్చింది. టంకం వేయడం వచ్చిన ఔత్సాహికులు దాన్ని ఇంట్లో కూర్చుకున్నారు. 1976లో వచ్చిన ఆపిల్-1 కేవలం ఒక బోర్డు. పెట్టె, కీబోర్డు, విద్యుత్ సరఫరా కొన్నవాడే చూసుకోవాలి. 1981లో ఐ.బి.ఎమ్. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ని బయటి కంపెనీల భాగాలతో తయారుచేసి, దాని సాంకేతిక వివరాలను ప్రచురించింది. దానితో ఇతరులు దానికి సరిపడే యంత్రాలను, భాగాలను తయారుచేయడం మొదలుపెట్టారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణాన్ని తెచ్చింది. మరల రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు తీగల కొస ఏ ఆకారంలో ఉండాలి అనేవి అందరికీ ఒకటయ్యాయి. ఈనాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి ఒక కొట్లో బోర్డు, ఇంకో కొట్లో కేబినెట్ కొని ధైర్యంగా ఇంటికి పోగలుగుతున్నామంటే దానికి కారణం ఇదే.

సరే, అసలు విషయానికి వద్దాం. నన్ను సలహా అడిగిన మిత్రులందరూ మొదట వేసే ప్రశ్న ఒక్కటే: "ఏ ప్రాసెసర్ మంచిది?" ఈ ప్రశ్నకు జవాబు లేదు. "ఏ బండి మంచిది?" అంటే ఏం చెబుతాం? పొలానికి ఎరువు మోయాలా, కాలేజీకి రావాలా అని ఎదురు అడగాలి గదా! నేను కంప్యూటర్ కూర్చింది 2023 మే నెలలో. మా నాన్న చీటీ పాడి తెచ్చి ఇచ్చిన డబ్బు రూ.40,000. అందులో మానిటర్, కీబోర్డుతో సహా అన్నీ రావాలి. నాకు కావలసిన పని ప్రోగ్రాములు రాసుకోవడం, మా చెల్లెలు ఇంటర్ పాఠాల వీడియోలు చూడడం, అప్పుడప్పుడు ఏదో ఒక పాత ఆట. త్రీడీ బొమ్మలు గీసే పని గానీ, వీడియో ఎడిటింగ్ గానీ లేదు. ఈ మూడు వాక్యాలు కాగితం మీద రాసుకున్న తరవాత సగం ఎంపిక అయిపోయినట్లే. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదని తేలిపోయింది.

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ - ఈ మూడింటినీ విడివిడిగా ఎంచుకోకూడదు. ఒకదాన్ని ఖాయం చేస్తే మిగతా రెండూ దాని వెంట నడవాలి. ఎ.ఎమ్.డి. వారి ఎఎమ్4 సాకెట్టులో ప్రాసెసర్ అడుగున 1,331 కాళ్లు ఉంటాయి, దానికి డీడీఆర్4 ర్యామ్ వాడాలి. 2022లో వచ్చిన ఎఎమ్5లో కాళ్లు ప్రాసెసర్‌కి కాక బోర్డుకి ఉంటాయి, అవి 1,718. దానికి డీడీఆర్5 తప్ప మరొకటి పనికిరాదు. ఇంటెల్‌లో 2021 చివర వచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్టు 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు పనికి వచ్చింది. ఆ బోర్డుల్లో కొన్ని డీడీఆర్4కి, కొన్ని డీడీఆర్5కి తయారయ్యాయి. పేరు దాదాపు ఒకటే, చివర ఒక చిన్న గుర్తు తేడా. కొట్లో తొందరలో ఆ గుర్తు చూడకపోతే ఇంటికి వచ్చాక ర్యామ్ గాడిలో దిగదు. డీడీఆర్4కీ డీడీఆర్5కీ కూడా 288 కొసలే ఉంటాయి గాని, మధ్యలో ఉండే గాటు చోటు వేరు. "కొంచెం బలంగా నొక్కితే పోతుంది" అనుకున్నవాళ్లు నిజంగా పోగొట్టుకున్నారు.

బోర్డు కొనేటప్పుడు మరొక సంగతి కనుక్కోవాలి. బోర్డులో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాము ఆ ప్రాసెసర్‌ని గుర్తించగలదా? బోర్డు ముందు మార్కెట్లోకి వచ్చి, ప్రాసెసర్ తరవాత వస్తే సాకెట్టు ఒకటే అయినా తెర వెలగకపోవచ్చు. బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఏ ప్రాసెసర్‌కి ఏ బయోస్ కావాలో పట్టిక ఉంటుంది. కొట్టు అతన్ని బిల్లుకి ముందే "బయోస్ అప్‌డేట్ చేసి ఇస్తారా?" అని అడిగితే చాలామంది చేసిపెడతారు. బిల్లయ్యాక అడిగితే ముఖం వేరుగా ఉంటుంది.

ఇక ప్రాసెసర్ పేరు చివర అక్షరాల సంగతి. ఇంటెల్ ప్రాసెసర్ చివర 'ఎఫ్' ఉంటే అందులో బొమ్మ చూపించే భాగం పనిచేయదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి. 'కె' ఉంటే వేగం పెంచుకునే వీలుంది, కాని పెట్టెలో చల్లార్చే ఫ్యాను రాదు. దాని ఖర్చు అదనం. ఎ.ఎమ్.డి.లో 'జి' ఉంటే అంతర్గత గ్రాఫిక్స్ కాస్త బలంగా ఉంటుంది. మా గదిలోని మిత్రుడొకడు పదిహేను వందలు తక్కువకి వస్తోందని 'ఎఫ్' ప్రాసెసర్ కొన్నాడు. అన్నీ బిగించాడు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. బోర్డు పాడైందనుకుని దాన్ని గుడ్డలో చుట్టి సిటీ బస్సులో రెండుసార్లు కొట్టుకి మోశాడు. మూడోసారి ఎవరో పెద్దమనిషి డబ్బా మీది ఆ ఒక్క అక్షరం చూపించాడు. పదిహేను వందలు మిగుల్చుకోబోయి, చివరికి పాత గ్రాఫిక్స్ కార్డుకి మూడు వేలు పెట్టాడు.

నేను తీసుకున్నది రైజెన్ 5 5600జి. ఆరు కోర్లు, ఫ్యాను పెట్టెలోనే వస్తుంది, గ్రాఫిక్స్ లోపలే ఉంది. ధర పన్నెండు వేలు. దానికి బి550 మైక్రో ఏటీఎక్స్ బోర్డు తొమ్మిది వేలు. ఇక్కడే ఒక లోతైన విషయం ఉంది. ఆ బోర్డు జెన్4 వేగం గల ఎస్ఎస్‌డీని తీసుకోగలదని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది అబద్ధం కాదు. కాని 5600జి ప్రాసెసర్ జెన్3 వరకే నడపగలదు. సెకనుకి 7,000 మెగాబైట్లు చదివే ఎస్ఎస్‌డీ కొని పెట్టినా అది 3,500 దగ్గర ఆగిపోతుంది. నాలుగు వరుసల రోడ్డు మీదుగా వచ్చి రైల్వే గేటు దగ్గర నిలబడినట్లన్నమాట. ఈ విషయం బిల్లుకి ముందే తెలియడం వల్ల నాకు పన్నెండు వందలు మిగిలాయి. నిజానికి మనలాంటివారి పనికి 3,500కీ 7,000కీ తేడా కంటికి కనిపించదు. కనిపించే తేడా పాత హార్డ్ డిస్కుకీ, ఏ రకం ఎస్ఎస్‌డీకైనా మధ్య ఉన్నదే. హార్డ్ డిస్కులో తిరిగే పళ్లెం మీదికి సూది వెళ్లి సమాచారం వెతకాలి. చిన్నచిన్న ఫైళ్లు వందలకొద్దీ తెరవవలసి వచ్చినప్పుడు ఆ వెతుకులాటకే కాలం అంతా పోతుంది. కనుక ఎంత పేద బడ్జెట్ అయినా సిస్టమ్‌కి 250 జీబీ ఎస్ఎస్‌డీ అయినా ఉండి తీరాలి. సినిమాలు దాచుకోవడానికి పాత హార్డ్ డిస్కు పక్కన పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

ర్యామ్ 16 జీబీ ఒకే కర్ర కొనడమా, 8 జీబీవి రెండు కొనడమా? రెండు కొనాలి. బోర్డు రెండు దారుల్లో ఒకేసారి ర్యామ్‌తో మాట్లాడగలదు. ఒకటే పెడితే రెండో దారి ఖాళీ. విడి గ్రాఫిక్స్ కార్డు లేనివారికి ఇది మరీ ముఖ్యం. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, అది కూడా ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. నాలుగు గాళ్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. మరొకటి: 3200 వేగం అని డబ్బు కట్టి తెచ్చిన ర్యామ్ మొదటిసారి 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ అనే మీట వేస్తే తప్ప అసలు వేగం రాదు. ఏళ్ల తరబడి ఆ మీట వేయకుండా వాడుతున్నవాళ్లు మన హాస్టల్లోనే ఉన్నారు.

ధరల గురించి ఒక హెచ్చరిక. నా రెండు కర్రలకు 2023లో రూ.3,600 అయింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పైకి లేచాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడం అందుకు ముఖ్య కారణం. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారాన్ని మానుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. కనుక "ప్రాసెసర్‌కి ఇంత శాతం, ర్యామ్‌కి ఇంత శాతం" అని ఎవరైనా లెక్క చెబితే అది ఏ నెల లెక్కో అడగండి. నా అంకెలు కూడా పోలికకే గాని పాటించడానికి కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఈ వ్యాసం రాయాలనిపించింది దాని వల్లనే.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎనిమిది వేల మానిటర్, కీబోర్డు, మౌస్ అయ్యేసరికి చేతిలో నాలుగు వేల లోపు మిగిలింది. కొట్టు అతను "కేబినెట్‌తో పాటు ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా వస్తుంది తమ్ముడూ, 450 వాట్లు, నీకు ఎక్కువే" అన్నాడు. రెండూ కలిపి రూ.2,700. విడిగా మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక్కటే నాలుగు వేలు. యూపీఎస్ తరవాత కొందాంలే అనుకున్నాను. మొత్తం రూ.39,000లో ముగించి, మిగిలిన వెయ్యీ మా నాన్న చేతిలో పెట్టి గొప్పగా నిలబడ్డాను.

వేసవి సెలవులకు కంప్యూటర్ ఊరికి పట్టుకెళ్లాం. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సాయంత్రం గాలివాన మొదలై కరెంటు రెండుమూడుసార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు పెట్టెలోంచి 'టప్' అని చప్పుడు, కాలిన వాసన. ఎస్‌ఎమ్‌పీఎస్ పోతే పోయింది, పోతూపోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది. బోర్డుకి మూడేళ్ల వారంటీ ఉంది గాని, కాలిన మచ్చ ఉంటే వారంటీ వర్తించదన్నారు. నిబంధనల్లో అది నిజంగానే ఉంది, నేనే చదవలేదు. మా నాన్న తిట్టలేదు. "మళ్లీ ఎంతవుతుంది?" అని మాత్రం అడిగాడు. చీటీ వాయిదాలు ఇంకా పదకొండు ఉన్నాయి. ఆ జవాబు చెప్పలేక నేను పదో తరగతి పిల్లలకు రెండు నెలలు లెక్కలు చెప్పి, ఆ డబ్బుతో బోర్డు కొన్నాను.

ఆ కాలిన ఎస్‌ఎమ్‌పీఎస్ మీది చీటీ అప్పుడు తీరికగా చదివాను. అందరూ చదవవలసిన చీటీ అది. ఎస్‌ఎమ్‌పీఎస్ అనేది గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇస్తుంది. ఈనాటి ప్రాసెసర్ గానీ, గ్రాఫిక్స్ కార్డు గానీ తినేదంతా దాదాపు 12 వోల్టుల వైపు నుంచే. కాబట్టి పైన రాసిన పెద్ద అంకె కాదు, చీటీలో 12 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి దాన్ని 12తో గుణించాలి. నా దాంట్లో 15 ఆంపియర్లు. అంటే 180 వాట్లు! పేరుకి 450. తరవాత కొన్న 550 వాట్ల దానిలో 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు.

"మరి 180 చాలదా?" అని తెలివైనవారు అడుగుతారు. లెక్కకి చాలు. ఆ ప్రాసెసర్ 65 వాట్లది, గట్టిగా పని చేస్తే 88 దాకా పోతుంది. మిగతావన్నీ కలిపినా 150 దాటదు. నా పెట్టె బరువెక్కువై కాలలేదు. కరెంటు తూలినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణ దానిలో లేక కాలింది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌కి ఎక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు, షార్ట్ సర్క్యూట్ - వీటి నుంచి రక్షణలుంటాయి. చెడినా తాను చెడుతుంది గాని పక్కవాళ్లని చెడగొట్టదు. కనుక వాట్లు లెక్కవేసి ఊరుకోకూడదు, ఏ రక్షణలున్నాయో, ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారో చూడాలి. '80 ప్లస్' అనే ముద్ర గురించి కూడా అపోహ ఉంది. అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం లోపలికి అందుతుందో చెప్పే ముద్ర. ఎనభై శాతమంటే, వంద వాట్లు లోపలికి పోవడానికి గోడ నుంచి 125 తీసుకుంటుంది, మిగతా పాతిక వేడిగా పోతుంది. అది దక్షతకి గుర్తు, భద్రతకి పూచీ కాదు. అయితే ఆ పరీక్షకి పంపిన తయారీదారు మరీ నాసిరకం చేయడని నా అనుభవం. గ్రాఫిక్స్ కార్డు పెట్టేవాళ్లు దాని వాట్లు కలుపుకోవాలి. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తింటుంది.

యూపీఎస్ విషయం. కరెంటు పోయాక మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ తనలో దాచుకున్న విద్యుత్తుతో సుమారు 16 మిల్లీసెకండ్లు నిలబడుతుంది. ఆ లోపల యూపీఎస్ అందుకోవాలి. 600 వీఏ అని అమ్మేది సాధారణంగా 360 వాట్లు ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని పెట్టెకీ మానిటర్‌కీ అది చాలును. పని భద్రం చేసుకుని ఆపుకునే వ్యవధి ఇస్తుంది గాని, దానితో సినిమా చూడాలనుకోకూడదు. దానికంటే ముందు చూడవలసింది ఎర్తింగ్. మన పల్లెటూళ్లలో చాలా ఇళ్లలో ప్లగ్గుకి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. కేబినెట్ ఇనుముని వట్టి కాళ్లతో ముట్టుకుంటే జివ్వుమంటుంది. అది కంప్యూటర్ లోపం కాదు. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల గుండా కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోవడానికి దారిలేక మన ఒంట్లోంచి పోతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ తీగ వేయించండి. కంప్యూటర్ కొన్నా కొనకపోయినా వేయించండి.

ఈ డబ్బంతా ఎక్కడినుంచి వస్తుందంటారా? నేనైతే ఇప్పుడు మానిటర్ పాతది కొంటాను. ఆఫీసులు వదిలించుకునే 22 అంగుళాల మానిటర్లు మూడు వేల లోపు దొరికేవి; కొట్లో వెలిగించి చూసి తెచ్చుకోవచ్చు, మోసానికి తావు తక్కువ. ఆ ఐదు వేలతో మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ వచ్చి ఉండేది, యూపీఎస్‌కి కొంత జమ అయ్యేది. పాత ప్రాసెసర్ కూడా కొనవచ్చు, అది అంత తొందరగా చెడదు. కాని విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందనీ, విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఎ.ఎమ్.డి.లో రైజెన్ 2000 నుంచి మాత్రమే అధికారికంగా అనుమతి అనీ గుర్తుంచుకోండి. అంతకంటే పాతది చౌకగా దొరికితే లినక్స్ వేసుకుని హాయిగా చదువుకోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం పాతది ఊరికే ఇచ్చినా వద్దు. ఒక కంపెనీ ఊడదీసే తీగలను ఇంకో కంపెనీ ఎస్‌ఎమ్‌పీఎస్‌కి తగిలించనూ వద్దు. కొస దిగుతుంది గాని లోపల తీగల వరస వేరై ఉండవచ్చు.

కేబినెట్‌కి ముందువైపు గాజు కన్నా జల్లెడ మేలు. మన ఎండలకి గాలి ముఖ్యం. బోర్డు 244 మిల్లీమీటర్ల చదరమైతే మైక్రో ఏటీఎక్స్ పట్టే పెట్టె చాలు. బోర్డు కింద ఇత్తడి పొట్టి స్తంభాలు బోర్డు రంధ్రాలున్న చోటే ఉన్నాయో లేదో చూసుకుని బిగించండి. ఎక్కువైన స్తంభం వెనకనుంచి తగిలి షార్ట్ అవుతుంది.

బిల్లు గురించి. కంప్యూటర్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు వద్దంటే తగ్గిస్తాను" అనే మాట చెవికి ఇంపుగానే ఉంటుంది, వారంటీ కావలసి వచ్చిన రోజున దాని అసలు ధర తెలుస్తుంది. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించండి.

బిగించాక తెర వెలగకపోతే కంగారుపడకండి. ప్రాసెసర్ పక్కన ఎనిమిది కొసల తీగ పెట్టడం మరిచిపోవడం అన్నిటికంటే మామూలు తప్పు, నేనూ చేశాను. తరవాత ర్యామ్ తీసి 'టిక్' అనేదాకా మళ్లీ నొక్కండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ తీగ దానికే తగిలించారా, అలవాటుకొద్దీ బోర్డుకి తగిలించారా చూడండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లతెరతో కూర్చుంటాయి. ఆ సమయంలో స్విచ్చి ఆపవద్దు, ఒక టీ తాగి రండి.

ఖాళీ డబ్బాలు పారేయకండి, వారంటీకి పంపాలంటే అవి ఉంటే మంచిది. మావి అటక మీద ఆవకాయ జాడీల పక్కన ఉన్నాయి. మా అమ్మ పండుగ పండుగకీ "ఇవి ఇంకా ఎందుకురా?" అంటుంది. రెండో బోర్డుకి మూడేళ్లు నిండేదాకా కదపవద్దని చెప్పాను.